తొమ్మిదో మర ఖాకీ చొక్కా

మా జిల్లాలో చెనక్కాయ కాయడం మానేశాక మనుషులు కాయడం మొదలుపెట్టారు. నూనె మిల్లులు కాచారు, గోడౌన్లు కాచారు, బ్యాంకుల గుమ్మాలు కాచారు. కళ్యాణదుర్గం దాటాక గుట్టల మీద కొత్తగా మొలిచిన గాలిమరలను కూడా కాచారు. నేను ఆ కాచేవాళ్ళను కాచేవాణ్ణి. ఉద్యోగం పేరు ఫీల్డ్ సూపర్వైజర్. మా నాయన మాత్రం ఎవరడిగినా "మావోడు గాలి ఉద్యోగం చేస్తాండాడు" అనేవాడు. అందులో ఎగతాళి ఎంతో, సమాచారం ఎంతో ఆయన ఎప్పుడూ విడదీసి చెప్పలేదు.

తొంభైల చివరి మాట ఇది. ఎండకు తప్ప మరి దేనికీ డిగ్రీలు అక్కరలేని ఊళ్ళో నా దగ్గర ఒక బి.ఏ. ఉండేది. దాన్ని చంకలో పెట్టుకుని అనంతపురంలో ఒక సైకిల్ షాపు మీది గదికి వెళ్ళాను. అదే మా సెక్యూరిటీ ఏజెన్సీ. యజమాని సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఊరంతా ఆయన్ని హవల్దార్ సారు అనేది. గదిలో ఒక టేబుల్, ఒక ఫ్యాను, గోడకు ఆయన పాత టోపీ. కరెంటు ఉన్నప్పుడు ఫ్యానూ, లేనప్పుడు టోపీ విసనకర్రగానూ పనిచేసేవి.

అప్పట్లో కాపలాకు లైసెన్సులూ తరగతులూ ఏమీ లేవు. ఉన్న తరగతులన్నీ హవల్దార్ సారు పెట్టినవే. ఆయన లెక్కలో మనుషులు మూడు రకాలు: నిలబడేవాళ్ళు, కూర్చునేవాళ్ళు, తిరిగేవాళ్ళు. నిలబడేవాళ్ళకు మీసం ఉండాలి, బూట్లు ఉండాలి. వాళ్ళు బ్యాంకులకు, బట్టల షాపులకు. కూర్చునేవాళ్ళకు వయసు ఉండాలి, దగ్గు ఉండాలి. దగ్గు ఉంటే లోపల మనిషున్నాడని దొంగకు తెలుస్తుందని ఆయన వాదన. వాళ్ళు గోడౌన్లకు. ఇక తిరిగేవాళ్ళకు కాళ్ళుంటే చాలు.

నన్ను కింది నుంచి మీదికి చూశాడు. చూడడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిలబడినా కూర్చున్నట్టుండే ఎత్తు నాది.

"మోపెడ్ ఉండాదా?" అన్నాడు.

"ఉండాది సార్."

"అయితే నువ్వు తిరుగు."

అలా నాకు వర్గం దొరికింది.

గాలిమరల గుట్టకు వారంలో ఒకసారి పోయేవాణ్ణి. ఆ పక్క ఊళ్ళ వాళ్ళు మరలకు వేరే పేర్లు పెట్టలేదు, మొదలు మీద రాసిన నంబర్లనే అడ్రసులుగా వాడుకున్నారు. "నాలుగో మర కింద చెప్పు తెగింది", "ఏడో మర కాడ గొర్రి ఈనింది" అని మాట్లాడుకునేవారు. వాటిలో తొమ్మిదోది గుట్ట కొసన, తక్కిన వాటికి దూరంగా ఉండేది. దాని పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మర్, భూమిలో పూడ్చిన రాగి తీగలు, ఒక రేకుల గుడిసె, కంపెనీ వాళ్ళు వేయించిన బోరు. రాగి అంటే సంగటికే అనుకునే ఊళ్ళలో రాగి తీగకు కూడా గిరాకీ ఉందని కొందరికి తెలిసిపోయింది. అందుకే ఆ పోస్టు పెట్టారు. పగటి పోస్టు. రాత్రికి కింద సబ్‌స్టేషన్‌లో వేరే మనిషి ఉండేవాడు.

తొమ్మిదో మర పోస్టు మా కాగితాల్లో ఒక గొర్రెల కాపరి పేరు మీద ఉండేది. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు దూరం నుంచి ఖాకీ చొక్కా కనబడింది, సంతోషించాను. దగ్గరికి పోయేసరికి ఖాకీ కింద చీర కనబడింది. మా వైపు కూలికి పోయే ఆడవాళ్ళు చీర మీద మొగుడి చొక్కా తొడుక్కోవడం మామూలే, కాబట్టి అప్పటికీ అనుమానం రాలేదు. భుజం మీద మా ఏజెన్సీ బిళ్ళ చూశాకే ఆగాను. ఆమె బండ మీద కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతోంది. నాకంటే పదేళ్ళన్నా పెద్దది.

"అక్కా, ఈడ వాచ్‌మన్ యాడ?"

"నేనే."

"కాగితంలో మొగాయన పేరుండాదే?"

"ఆయప్ప కాగితంలో ఉండాడు. నేను ఈడ ఉండా. నీకు ఎవురు కావల్ల?"

మంచినీళ్ళు కావాలన్నాను. నీళ్ళు ఇచ్చి, తిరిగి కదురు అందుకుంది.

తర్వాత నాకు అర్థమైన పద్ధతి ఏమిటంటే, ఆ గుట్ట మీద పోస్టు మనిషిది కాదు, ఇంటిది. మంద ఇంటిదైనట్టు, సేద్యం ఇంటిదైనట్టు డ్యూటీ కూడా ఇంటిదే. ఏజెన్సీ ఇచ్చిన ఖాకీ చొక్కా, ఈల, కర్ర రేకుల గుడిసెలో మేకుకు వేలాడేవి. పొద్దున చలిగాలికి ఆమె మామ వేసుకునేవాడు. ఆయన గొర్రెలను మేపుకు తోలుకుపోయేటప్పుడు చొక్కా విప్పి కోడలికి ఇచ్చేవాడు. కాగితంలో పేరున్న ఆయన కొడుకు, అంటే ఆమె మొగుడు, ఊళ్ళో ఉంటే మధ్యాహ్నం అతను. చొక్కా ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్ళే వాచ్‌మన్. తక్కిన ఇద్దరూ ఆ సమయానికి మామూలు మనుషులు. ఒకసారి పెద్దాయన్ని ట్రాన్స్‌ఫార్మర్ కంచె గేటు తాళం గురించి అడిగితే, "నన్నడగొద్దప్పా, చొక్కా ఆయమ్మ మీద ఉండాది" అని కోడలి వైపు చెయ్యి చూపించాడు. చొక్కా విప్పితే బాధ్యత కూడా విప్పేసినట్టే. ఎంత పెద్ద ఆఫీసరుకైనా ఇంత సుఖం ఉంటుందా?

హవల్దార్ సారుకు విషయం చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"రాగి తీగ ఉండాదా?"

"ఉండాది సార్."

"అయితే మనిషి కూడా ఉన్నట్టే. గమ్మునుండు."

నా మోపెడ్ ఆ గుట్టను సగం వరకే ఎక్కేది. మిగిలిన సగం నేను మోపెడ్ కంటే ఘోరం. కింద నిలబడి కేక వేస్తే గాలి ఆ కేకను కర్ణాటకలోకి తీసుకుపోయేది. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. కింద నుంచి ఒక పొడుగు ఈల ఊదుతాను. గుట్ట మీద చొక్కా వేసుకున్న ప్రతివాళ్ళూ చేస్తున్న పని ఆపి, ఉన్నచోటే కదలకుండా నిలబడి, చెయ్యెత్తి, రెండు పొట్టి ఈలలు తిరిగి ఊదాలి. నేను కింద నుంచే లెక్క చూసుకుని, టీ తాగడానికి పోతాను. హవల్దార్ సారు దీన్ని విని "సిస్టం అంటే ఇదిరా" అని మెచ్చుకున్నాడు. నేను దాన్ని బద్ధకం అనే అసలు పేరుతో పిలవలేదు.

గుట్ట మీది అన్ని మరల వాళ్ళకూ ఇది అలవాటైపోయింది. ఈల వినగానే వరసగా చేతులు లేచేవి, ఈలలు దిగివచ్చేవి. అన్నిటికంటే చివర తొమ్మిదో మర దగ్గర నుంచి వచ్చేది. గాలికి సన్నబడి, పిట్ట కూతలాగా.

ఆమె కాపలా సంగతి కూడా చెప్పాలి. "తెలియనోళ్ళను లోపలికి పంపొద్దక్కా" అని నేను ఒకసారి చెప్పిన పాపానికి, కంపెనీ ఇంజనీరునే ఆపేసింది. ఆయన బదిలీ మీద కొత్తగా వచ్చాడు. "మా సూపరైజరప్ప వచ్చి ఈల ఊదితేనే ఇడుస్తా" అందట. నాకు కబురు వచ్చి, నా మోపెడూ నా కాళ్ళూ కలిసి నన్ను అక్కడికి చేర్చేసరికి ఆ ఇంజనీరు బండ మీద కూర్చుని ఉన్నాడు. పైన మర తిరుగుతోంది. రెక్క నీడ వచ్చినప్పుడల్లా చల్లబడుతున్నాడు, పోయినప్పుడల్లా మండిపోతున్నాడు. చేతిలో చెంబు.

"మజ్జిగ ఇచ్చింది. దారి మాత్రం ఇవ్వలేదు" అన్నాడు నాతో. కోపంగా అన్నాడో మురిపెంగా అన్నాడో ఆరోజు తెలియలేదు.

ఆ తర్వాత వానలు లేని ఏళ్ళు వచ్చాయి. మా జిల్లాకు వానలు ఉన్న ఏళ్ళు గుర్తుపెట్టుకోవడమే తేలిక కాబట్టి ఏ ఏళ్ళో చెప్పను. విత్తనం చల్లినవాళ్ళు చల్లిన చోటే చూస్తూ కూర్చున్నారు. ఆమె భర్త బెంగుళూరు పోయాడు. మొదట కాంక్రీటు పని, తర్వాత ఒక పెద్ద అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ.

"ఆయప్పకు ఆడ నీలం డ్రస్సంట, టోపీ అంట. వచ్చే కారుకూ పోయే కారుకూ సెల్యూట్ కొడతాడంట" అని చెప్పింది నాతో. "ఈడ ఇన్నేండ్లు గొర్లను కాసినాడు, ఒగ గొర్రి కూడా తిరిగి సెల్యూట్ కొట్టలా. ఆడ కార్లోళ్ళు కూడా కొట్టరంట. ఏం మారినట్టు?"

ఆ ఇంటికి ఆ కరువులో మిగిలిన ఆధారం తొమ్మిదో మరే. జీతం ఒక ఎత్తు, బోరు ఒక ఎత్తు. కంపెనీ వాళ్ళు ఆ బోరు నీళ్ళు పోస్టు ఉన్న ఇంటికి వాడుకోనిచ్చేవారు. చుట్టుపక్కల కుంటలన్నీ పగుళ్ళు తేలినా, ఆ ఇంటి మంద గుడిసె పక్కన తొట్టిలో నీళ్ళు తాగేది. చుట్టూ ఊళ్ళవాళ్ళు మందలు అమ్ముకుంటున్నప్పుడు ఆ ఒక్క మంద నిలిచింది.

అలాంటి రోజుల్లో చట్టం వచ్చింది. ఢిల్లీలో పుట్టి, హైదరాబాదులో నియమాలై పెరిగి, మా సైకిల్ షాపు మెట్లెక్కేసరికి దానికి కొన్నేళ్ళు పట్టింది. కాపలా ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. కాపలా మనిషికి శిక్షణ ఉండాలి, పోలీసు విచారణ జరగాలి, ఫోటో ఉన్న కార్డు మెడలో ఉండాలి. ఖాకీ వేయకూడదు, పోలీసుల్లా మిలిటరీలా కనబడకూడదు. హవల్దార్ సారు ఆ కాగితాలను కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు.

"వాచ్‌మన్ అనే మాటే లేదురా ఇందులో" అన్నాడు. "గార్డు. తుపాకి పట్టుకునే గార్డు. సూపర్వైజరు. అంతే. మనోళ్ళు యాడ పోవాల?"

ఆయన మూడు రకాలూ ఒకే గార్డు కింద పడిపోయాయి. అసలు కష్టం ఆ తర్వాత పేరాలో ఉంది. గార్డు అనేవాడికి ఇంత ఎత్తు ఉండాలి, చూపు ఇంత ఉండాలి, ఇంగ్లీషు అక్షరాలు అంకెలు గుర్తుపట్టాలి, ఆరు నిమిషాల్లో కిలోమీటరు పరిగెత్తాలి. ఇన్నేళ్ళూ కూర్చున్నవాళ్ళంతా ఇప్పుడు లేచి పరిగెత్తాలన్నమాట. గోడౌన్ల దగ్గర దగ్గే మా ముసలివాళ్ళు ఈ మాట విని దగ్గడం కూడా మర్చిపోయారు.

నా సంగతి వేరే చెప్పక్కర్లేదు. సూపర్వైజరుకు కూడా అదే ఎత్తు. సారు గోడకు సుద్దగీత గీసి నన్ను నిలబెట్టాడు. గీత నా జుట్టుకు అందలేదు. సరిగ్గా చెప్పాలంటే నా జుట్టే గీతకు అందలేదు.

"రేపు పొద్దున నిద్ర లేచి నేరుగా రా. మనిషి పొద్దున పొడుగుంటాడు" అన్నాడు. సైన్యంలో నేర్చుకున్న విద్య. మర్నాడు మంచం మీద నుంచి మోపెడ్ మీదికి, మోపెడ్ మీద నుంచి గోడ మీదికి వెళ్ళాను. గీత తగిలింది. తర్వాత పదింటికి మళ్ళీ కొలిస్తే ఏమయ్యేదో నేను కొలవనివ్వలేదు.

తొమ్మిదో మర చిక్కు మాత్రం గోడ మీద తేలేది కాదు. ఆమె భర్తకు బెంగుళూరులోనే శిక్షణ, కార్డు అన్నీ అయిపోయాయి. ఒక మనిషి రెండు రాష్ట్రాల్లో రెండు గేట్లకు గార్డుగా ఉండడం కుదరదు. కాబట్టి మా కాగితంలో ఉన్న మనిషి కాగితంలో కూడా లేకుండా పోయాడు. కంపెనీ వాళ్ళు వచ్చే నెల నుంచి కార్డున్న గార్డు కావాలన్నారు. లేకుంటే ఆ గుట్టను హైదరాబాదు ఏజెన్సీకి ఇచ్చేస్తామన్నారు.

ఈ మాట చెప్పడానికి ఈసారి ఈల ఊదకుండా గుట్ట పూర్తిగా ఎక్కాను. నేను పైదాకా రావడం చూసి పెద్దాయనకు ఏదో చెడ్డ కబురని అర్థమైంది.

"ఏమప్పా సూపరైజరూ, కాళ్ళు ఎప్పుడు మొలిచినాయి నీకు?"

విషయం చెప్పాను. ఆయన తలపాగా సర్దుకున్నాడు.

"నన్ను రాసుకో. మొదుట ఈడ చొక్కా తొడిగింది నేనే. ఆ మరను నిలబెట్టే రోజు కూడా నేను ఈడే ఉండా."

"పరుగెత్తాలంట నాయనా."

"ఎవురెనకాల?"

"ఎవరెనకాలా లేదు. ఊరికే."

పెద్దాయన నా వైపు చూశాడు. ఊరికే పరిగెత్తేవాళ్ళను ఆయన అంతవరకు చూసి ఉండడు. తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

కోడలు చొక్కా వేసుకునే ఉంది. కదురు ఆపింది. "ఈ పోస్టు పోతే బోరు పోతాది. బోరు పోతే గొర్లు పోతాయి. ఆయప్ప ఫోన్లో సెప్తాండాడు, ఆడ బిల్డింగు మెట్ల కింద ఒగ రూమిస్తారంట, మీరిద్దరూ వచ్చేయండి అని. మామను తీసుకోని పోయి ఆడ ఏం కాయాలప్పా? మెట్లా?"

తలెత్తి పైకి చూసింది. మర మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"నా పేరు రాసుకో" అంది.

రాసుకున్నాను. ఎత్తు విషయంలో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. ఆడవాళ్ళకు పెట్టిన కొలత దాటింది, మగవాళ్ళకు పెట్టిందీ దాటింది, నన్ను ఎప్పుడో దాటింది. చూపు సంగతి చెప్పక్కర్లేదు. అంకెలు ఆమెకు మరల మీద చూసి వచ్చు, కాబట్టి గుట్ట మీద ఎన్ని మరలుంటే అంతవరకు వచ్చు. ఇంగ్లీషు అక్షరాలకు ట్రాన్స్‌ఫార్మర్ మీది ప్రమాదం బోర్డును పలకగా వాడుకున్నాం. పుర్రెబొమ్మ కింద ఉన్న అక్షరాలు ముందు నేర్చుకుంది.

"పుర్రి కింద ఉండేది డి" అనేది. "బడిలో కూడా ఇట్లే పుర్రి పెట్టి నేర్పింటే నేను అప్పుడే సదివేదాన్ని."

మిగిలిన అక్షరాలు నేను మట్టిలో పుల్లతో రాసేవాణ్ణి. గాలి చెరిపేసేది. అలా ఆమెకు చదువూ, నాకు ఓపికా కొంత వచ్చాయి.

శిక్షణ అనంతపురం పొలిమేరలో ఒక మైదానంలో జరిగింది. మైదానం అంటే గడ్డి అనుకోవద్దు, అక్కడక్కడా కంపచెట్లు లేని నేల. హైదరాబాదు నుంచి ఒక రిటైర్డ్ పోలీసు వచ్చాడు. సావధాన్, విశ్రామ్ అన్నీ నేర్పాడు. మంటలార్పడం, జనాన్ని వరసలో నిలబెట్టడం, గేటు దగ్గర మర్యాదగా మాట్లాడడం నేర్పాడు. "దయచేసి కాసేపు ఆగండి సార్" అని అందరిచేతా పలికించాడు. తొమ్మిదో మర అక్క ఆ మాటను బాగానే పలికింది కానీ, ఆమె చెబుతుంటే దయచేసి అనేది ఎక్కడో గాలికి పోయి, ఆగండి ఒక్కటే మిగిలేది.

చివరి రోజు పరుగు. టౌను కుర్రాళ్ళు బూట్ల తాళ్ళు బిగించుకున్నారు. గుట్ట మీది మరల వాళ్ళందరూ ఒక గుంపుగా ఒక పక్క నిలబడ్డారు. వాళ్ళలో ఆడమనిషి ఈమె ఒక్కతే. అందరి మెడల్లో ఈలలు. పెద్దాయన కూడా కోడలి పరుగు చూడాలని బస్సెక్కి వచ్చి, గట్టు మీద తలపాగాతో కూర్చున్నాడు. హవల్దార్ సారు వాచీ చూసుకుంటున్నాడు. ఇది దాటితే కార్డు. దాటకపోతే హైదరాబాదు ఏజెన్సీ.

శిక్షకుడు ఒక పొడుగు ఈల ఊదాడు.

టౌను కుర్రాళ్ళు దుమ్ము లేపుకుంటూ పరిగెత్తారు. మా గుట్టవాళ్ళు ఒక్కరు కూడా కదల్లేదు. ఉన్నచోటే నిటారుగా నిలబడి, చెయ్యెత్తి, రెండేసి పొట్టి ఈలలు తిరిగి ఊదారు. అన్నిటికంటే చివర, సన్నగా, తొమ్మిదో మర ఈల.

శిక్షకుడి మొహం చూడాలి అప్పుడు. తనను వెక్కిరిస్తున్నారని అనుకున్నాడు. "వీళ్ళంతా ఫెయిల్!" అని అరిచాడు. హవల్దార్ సారు వాచీ మీద నుంచి కళ్ళెత్తి నా వైపు చూశాడు. ఆ చూపుకు, పొద్దున పెరిగిన నా ఎత్తంతా సాయంత్రం కాకుండానే పోయింది.

నేను పరిగెత్తుకుంటూ పోయి చెప్పడం మొదలుపెట్టాను. అది గుట్ట మీది ఏర్పాటు అనీ, ఈల వింటే కదలకూడదనేది మా సిస్టం అనీ. ఎందుకు కదలకూడదు అని ఆయన అడిగాడు. నా మోపెడ్ గురించి చెప్పాల్సి వచ్చింది. టీ గురించి కూడా.

"ఈల వింటే గార్డు పరిగెత్తాలి. నిలబడడం ఏమిటమ్మా?" అన్నాడు ఆయన ఆమె వైపు తిరిగి.

"నిలబడమని సెప్పింది ఈ అప్పే సామీ. ఇన్నేండ్లు నిలబడినాము. పరిగెత్తమని సెప్పింటే పరిగెత్తేవాళ్ళం. ఏదో ఒగటి సెప్పండి, రెండూ ఒకేసారి యాడ సేస్తాము?"

"మరి దొంగ వస్తే ఏం చేస్తావు? ఈల ఊదుతావా, నిలబడతావా?"

"దొంగకు ఈల ఎందుకు సామీ? కుక్కను ఇడుస్తా."

ఆయన నవ్వు ఆపుకోవాలని చూశాడు, మీసం ఒప్పుకోలేదు. మళ్ళీ పరిగెత్తించడానికి ఒప్పుకున్నాడు. ఈసారి ఈల వద్దని నేనే బతిమాలాను. జేబులోంచి చేతిరుమాలు తీసి పైకెత్తి వదిలేశాడు.

ఆమె చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్ళు దోపుకుంది. తప్పిపోయిన గొర్రె మీద కన్ను వేసుకుని పరిగెత్తే మనిషిలా, నేల చూడకుండా, ఎదురుగా ఎక్కడో చూస్తూ పోయింది. మలుపు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళను దాటింది. గట్టు మీద పెద్దాయన లేచి నిలబడి, మంద తోలేటప్పుడు పెట్టే అరుపు పెట్టాడు. "హైర్... హోయ్!" ఆమె గీత దాటాక కూడా ఆగలేదు, ఆ ఊపులో పోయి కంపచెట్ల దగ్గర ఆగింది. శిక్షకుడు వాచీ చూసి తల ఊపాడు.

సూపర్వైజరు కూడా పరిగెత్తాలి కాబట్టి తర్వాత నేనూ పరిగెత్తాను. దాని గురించి ఇంతకంటే రాయను. కార్డు వచ్చింది, అది చాలు.

కార్డులు వచ్చిన రోజు ఇంకొక మెలిక పడింది. హవల్దార్ సారు ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ముఖం వెలిగించుకుని, "అమ్మా, శిక్షణ ఉన్న ఆడ గార్డు మన జిల్లాలో యాడా దొరకరు. ధర్మవరంలో పట్టుచీరల షాపోళ్ళు అడుగుతాండారు, ఈడ ఆసుపత్రోళ్ళు అడుగుతాండారు. నీడన కూర్చునే డ్యూటీ. కొండ మీదికి ఎవర్నన్నా మొగోన్ని పంపిస్తాలే" అన్నాడు. ఆయన నిజంగా మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

"నేను కొండ మీదికి పోతా సారూ."

"ఆడమనిషిని ఒంటిగా అంత దూరం నేనెట్ల పంపేదమ్మా? కొత్త రూలు, కొత్త కార్డు. రేపు ఏమన్నా అయితే?"

"నన్ను పంపేదేముంది సారూ? నేను ఆడే ఉండా కదా ఇన్నేండ్లు. ఈ కార్డు కోసరం ఈడికి వచ్చినా. ఇచ్చినారంటే నా ఇంటికి నేను పోతా."

హవల్దార్ సారు నన్ను చూశాడు. నేను ఫ్యాను చూశాను. చివరికి ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల ఆ ఇంజనీరే ఎత్తాడు. ఫోను గట్టిగా మాట్లాడే రకం, గదంతా వినబడింది.

"ఎవరు, నాకు దారి ఇవ్వని ఆమేనా?"

"ఆమే సార్."

"మజ్జిగ ఇంకా ఇస్తుందా?"

హవల్దార్ సారు ఫోను చేత్తో మూసి ఆమె వైపు చూశాడు. "ఇస్తాననండి. దారి మాత్రం కార్డు చూసినాకే" అంది.

అలా తొమ్మిదో మర ఆ ఇంటి చేతిలోనే ఉండిపోయింది. బోరు నిలిచింది, తొట్టి నిండింది, మంద నిలిచింది. బెంగుళూరు మెట్ల కింది గదిలో ఆయప్ప ఒక్కడే ఉన్నాడు.

నిలిచినదాని పక్కనే ఒకటి పోయింది కూడా. కొత్త నీలం చొక్కాను ఆమె కొలతకు కుట్టించారు, కొత్త ఈల కూడా ఇచ్చారు. పెద్దాయనకు భుజాల దగ్గర పట్టదు. పట్టినా వేసుకోకూడదు. మెడలో కార్డు ఎవరిదో చొక్కా వాళ్ళదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె మర దగ్గరే ఉండాలి, గొర్రెలను తోలకూడదు, కదురు పట్టకూడదు. కాబట్టి మోకాళ్ళ నొప్పితోనే పెద్దాయన రోజంతా మంద వెనక తిరగాల్సి వచ్చింది. గుడిసెలో మేకు అలాగే ఉంది, దానికి వేలాడేదేమీ లేదు. ఇంటి చొక్కా ఒక మనిషి చొక్కా అయింది. నేను ఆ గుట్టల ఉద్యోగం వదిలేసి చాలా కాలమైంది. ఇప్పుడు అక్కడ ఇంకా పొడుగు మరలు వచ్చాయంటారు, స్తంభాలకు కెమెరాలు కూడా పెట్టారట. ఆ గుట్ట అనగానే నా కళ్ళముందుకు వచ్చేవి మాత్రం మరలు కావు. మేకుకు వేలాడుతూ, ఎవరు ముందు వస్తే వాళ్ళ కోసం ఎదురుచూసే ఆ ఖాకీ చొక్కా వస్తుంది.

దాని కథ ఇంకొంచెం ఉంది. పాత ఖాకీ చొక్కాలన్నీ వెనక్కి తెమ్మని హవల్దార్ సారు చెప్పాడు. తనిఖీ వాళ్ళు చూస్తే లైసెన్సుకే ముప్పు. అన్ని మరల దగ్గరా సంచిలో వేసుకుంటూ, నడుచుకుంటూ తొమ్మిదో మరకు వచ్చాను. ఆమె నీలం చొక్కాలో, మెడలో కార్డుతో, నిలబడి ఉంది.

"అక్కా, పాత చొక్కా?"

ఆమె గడ్డంతో లోయ వైపు చూపించింది. అక్కడ మంద. మంద వెనక ఖాకీ.

పెద్దాయన దగ్గరికి దిగి వెళ్ళాను.

"నాయనా, ఆ చొక్కా ఇచ్చేయాల. చట్టం."

"యా చొక్కా?"

"ఒంటి మీద ఉండేది."

ఆయన కిందికి చూసుకున్నాడు, ఇప్పుడే కనబడినట్టు. "ఇదా? ఇది సినిగిపోయిందప్పా. పారేసినాము."

మోచేతి దగ్గర చిన్న చిరుగు ఉన్న మాట నిజమే. నేను ఆ చిరుగును శ్రద్ధగా చూశాను. బిళ్ళ ఉండే భుజం వైపు చూశాను. బిళ్ళ ఊడదీసి ఉంది, కుట్లు మాత్రం మిగిలాయి. అది ఇంక ఏజెన్సీ చొక్కా కాదు, ఒక పెద్దమనిషి గొర్రెలు మేపుకునే చొక్కా. దానికి ఏ లైసెన్సు కావాలి?

"అవునులే, బాగా సినిగిపోయింది" అన్నాను.

సంచి భుజాన వేసుకుని గుట్ట దిగాను. మోపెడ్ దగ్గరికి వచ్చాక, కొత్త రూల్లో ఆ ఏర్పాటు లేదని తెలిసీ, అలవాటు ఆపుకోలేక ఒక పొడుగు ఈల ఊదాను.

పైన తొమ్మిదో మర దగ్గర నీలం చెయ్యి లేచింది. రెండు ఈలలు. దాని వెనకే, లోయలో గొర్రెల మధ్య నుంచి ఇంకో చెయ్యి లేచింది. పాత ఈలతో ఇంకో రెండు.

గాలి తగ్గినప్పుడు ఆమె గొంతు కూడా కిందికి వచ్చింది. "మామా, నువ్వు ఊదకూడదంటే ఇనవే!"

పెద్దాయన మళ్ళీ ఊదాడు.